స్వప్నభక్షకమృగము: బకు చరిత్రము

పాఠశాలలో నాంధ్రపండితుఁడుగా నున్న నా మిత్రునికి విద్యార్థి యొకఁడు చిన్న యట్టబొమ్మ నొకదానిని దెచ్చి చూపెను. అందొక పొట్టిజంతువు కలదు. దాని మేను పైసగము పసుపువన్నె, క్రిందిసగము కపిలవన్నె. ముక్కు చిన్న తొండమువలె వ్రేలుచున్నది. కన్నులు సగము మూసికొని యున్నవి. “అయ్యవారూ! ఇది యెదుటివారిని నిద్రపుచ్చి వారి కలలను దినునఁట. దీని పూర్వుని పేరు బకు అఁట. భారతములో భీముఁడు చంపిన బకుఁడును నిదియు నొకటేనా?” అని యా బాలుఁ డడిగెను. మిత్రుఁ డా ప్రశ్నను నవ్వి త్రోసివేయక నాకు వ్రాసి పంపెను. అది యుపేక్షింపఁదగినది కాదు. పేరుపోలికనుబట్టి యిరువురు భక్షకుల నొక్కటిగాఁ జేయుట బాలురకే కాదు, పండితులకును గలుగు ప్రలోభము. సమాధానము చెప్పఁబూని వెదకఁగా రెండువేల యేండ్లకు మించిన యొక మృగచరిత్రము నాకుఁ గానవచ్చినది. దానినే యిందు సంగ్రహముగా విన్నవించుచున్నాను.

మొదట నా బొమ్మ యెక్కడిదో చెప్పవలయును. అది పోకెమాన్ అను వీడియో క్రీడలోనిది. సతోషి తజిరి యను జపానుదేశీయుఁడు కల్పించిన యీ క్రీడ 1996 వ సంవత్సరము ఫిబ్రవరి 27 వ తేదీని నింటెండో వారి గేమ్‌బాయ్ అను చేతియంత్రముకొఱకు జపానులో వెలువడెను. ఆడువాఁడు పొదలయందును గుహలయందును దిరుగుచు, విచిత్రమృగములను బట్టి, పెంచి, వానిచేఁ బోరాడించుట యిందలి వినోదము. మొదటి క్రీడలో నట్టి మృగములు 151. వానిలో 96 వది మన బాలుఁడు చూపినది. దాని జపానుపేరు ‘సురీపు’. నిద్ర యను నర్థముగల యాంగ్లపదమునకు జపానువారి యుచ్చారణ మది. ఆంగ్లప్రతులలో దానిని డ్రౌజీ యందురు. ఆ మృగముల స్వభావమును దెలుపు చిన్న కోశ మొకటి క్రీడలోనే యిమిడియున్నది. డ్రౌజీ శత్రువులను నిద్రపుచ్చి వారి కలలను దినునని యా కోశము చెప్పును. 2004 లో వెలువడిన ఫైర్ రెడ్ అను ప్రతిలోని కోశము, కలలను దినునని పేరువడిన ‘బకు’ అను పురాణమృగముయొక్క సంతతియే డ్రౌజీ యని స్పష్టముగాఁ బలికినది. బాలుఁడు విన్నమాట యిదియే.

ఇఁక బకుశబ్దము. మన బకుఁడు సంస్కృతశబ్దము. కొంగకును, ఏకచక్రపురమువారు పంపిన బండెఁడన్నమును, బండి తోలుకొని వచ్చిన మనుజునిఁ గూడఁ దిన్న రాక్షసునకును బేరు. జపానువారి బకు అట్లుగాక చీనాభాషనుండి వచ్చినది. చీనావారు నేఁడు దానిని ‘మో’ అని పలుకుదురు. ప్రాచీనోచ్చారణమున నా శబ్దము మకారముతో మొదలై కకారముతో ముగియుచుండెను. టాంగు రాజవంశకాలమున (618–907) జపానువారు చీనారాజధాని పలుకుబడిని గ్రహించినపుడు పదాదియందలి మకార మనేకస్థలముల బకారమయ్యెను. దీనికి నిదర్శనము చెట్టునకుఁ బేరైన యక్షరము. అది మునుపటి రీతిని ‘మొకు’ అనియు, టాంగు కాలపురీతిని ‘బొకు’ అనియు జపానులో నేఁటికిని రెండువిధములఁ బలుకఁబడుచున్నది. ఆ సూత్రముచేతనే మో బకు అయ్యెను. కావున భీముఁడు చంపిన బకునితో దీనికి ధ్వనిసామ్యమే గాని సంబంధము లేదు. బాలుని ప్రశ్నకు సగముత్తరము ఇంతతో ముగిసినది. మిగిలిన సగము కష్టతరము: ఈ మో యేమృగము? అది కలల నెప్పటినుండి తినుచున్నది?

చీనావారి ప్రాచీననిఘంటువగు ‘ఎర్‌యా’ క్రీస్తునకుఁ బూర్వమే కూర్పఁబడినది. అందు మో యనఁగాఁ దెల్లచిఱుత యని మాత్రమే కలదు. క్రీ. శ. 100 లో షూ షెన్ అను పండితుఁడు ముగించిన యక్షరకోశము, ఇది యెలుగుబంటివంటి దనియు, పసుపునలుపుల వన్నెగల దనియు, షు దేశమునఁ బుట్టుననియుఁ జెప్పినది. షు దేశమనఁగా నేఁటి సిచువాను. ఎర్‌యాకు వ్యాఖ్య రచించిన గువో పు (276–324) ఇంకను వివరించెను. అతని మాటనుబట్టి యిది యెలుగును బోలినది, తల చిన్నది, కాళ్లు పొట్టివి, మేన తెలుపునలుపులు కలసియుండును, ఇనుమును, రాగిని, వెదురుకణుపులను నాఁకి తినఁగలదు, దాని యెముక గట్టిది, లోపలి మూలుగ తక్కువ, దాని తోలు తేమ నంటనీయదు. తొండ మున్నట్లు ఈ మూఁటిలో నెక్కడను లేదు.

ఎలుగుపోలిక, తెలుపునలుపులు, సిచువాను కొండలు, వెదురు: ఈ నాలుగును గలిపి చూచినచోఁ దోఁచు జంతు వొక్కటియే. అది పాండా. ఐరోపీయశాస్త్రజ్ఞులకు దానిని 1869 లో ఆర్మాఁ దవీద్ అను ఫ్రెంచి మతాచార్యుఁడు తెలియఁజేసెను. మో శబ్దమునకు మొదటి యర్థము పాండాయే యని డొనాల్డ్ హార్పరు అను పరిశోధకుఁడు ప్రాచీనాధారములఁ జూపి వాదించియున్నాఁడు. వెదురుబొంగును జీల్చి నమలఁగల దవడల బలమును గన్న కొండవారు, ఆ మృగ మినుమునుగూడఁ దినునని చెప్పికొని యుందురనుట యుక్తిసహము.

అయినచో పాండాకుఁ దొండ మెట్లు వచ్చెను? మన వాఙ్మయముననే దీనికి సదృశమగు నుదాహరణము కలదు. వేదములయందు శరభశబ్ద మొక యడవిమృగమునకుఁ బేరు. తరువాతి నిఘంటువులలో నది యెనిమిది కాళ్ల మృగమై సింహమును జంపునదయ్యెను. శైవపురాణములలో నరసింహు నణఁచిన శివావతారమయ్యెను. దేవాలయస్తంభములపై శిల్పులు దానికి ఱెక్కలను దొడిగిరి. శబ్ద మొక్కటియే, మృగమును గన్నులారఁ గన్నవారు తఱుఁగుకొలఁది రూపము పెరిగినది. మో విషయమునను జరిగిన దదియే. షు దేశపు కొండలకు దూరముగా నున్న రాజధానులలో దానిని గన్నవారు లేరు. విన్నవారు, చదివినవారు, పటములు వ్రాసినవారు మాత్ర ముండిరి.

అట్టి పటములలో నొకదానిని గుఱించి మనకు సాక్ష్యమిచ్చువాఁడు టాంగు కాలపు మహాకవి బై జూయి (772–846). ఆయనకుఁ దలనొప్పి బాధ యుండెను. నిద్రించునపుడు గాలి సోఁకకుండఁ దలకడ నొక చిన్న తెఱను నిలుపుకొనెడివాఁడు. చిత్రకారుఁ డొకఁడు తటస్థింపఁగా నా తెఱపై మో రూపమును వ్రాయించి, దానిపై నొక ప్రశస్తిని రచించెను. ఆ ప్రశస్తియొక్క పీఠికలో మో యేనుఁగుతొండము, ఖడ్గమృగపు కన్నులు, ఎద్దుతోఁక, పులిపాదములు గలదియై దక్షిణదేశపు కొండలోయలలో నుండునని చెప్పినాఁడు. దాని తోలుపైఁ బరుండినచో మారీరోగ మంటదు. దాని బొమ్మను వ్రాసినచో దుష్టశక్తి చేరదు. అది యినుమును రాగినిఁ దక్క వేఱొండు తినదు.

ప్రశస్తిలోని భావ మింకను ముఖ్యమైనది. పూర్వకాలమున జనులు ఋజుచిత్తులు, యుద్ధములు తక్కువ, కత్తుల యక్కఱ స్వల్పము, కాఁబట్టి లోహము సమృద్ధిగా మిగిలి మో దినమెల్లఁ గడుపార మేయుచుండెను. పిదప రాజశాసనము చెదరినది. ఇనుమంతయు నాయుధములకును, రాగియంతయు బుద్ధవిగ్రహములకును బోయినది. త్రవ్వని కొండలేదు, చెఱుపని లోయలేదు. ఇఁక నా మృగము పస్తులుండవలసినదే కదా యని కవి వగచి, యిది మోయొక్క దుఃఖము గాదు, కాలముయొక్క దుఃఖమని ముగించినాఁడు. మృగము నెపముగా రాజ్యపాలనమును విమర్శించిన ప్రశస్తి యిది. మృగ మేమి తినుచున్నది, దాని కేమి కొఱఁతయైనది యని యడిగినచోఁ గాలస్వభావము తెలియునన్న కవిదృష్టిని మనము గుర్తుంచుకొనవలయును. చివర దీనితో మఱలఁ బని కలదు.

11 వ శతాబ్దిని ఓషధిగ్రంథము రచించిన సు సొంగ్ అను నతఁడును ఈ రూపమునే చెప్పి, టాంగు కాలమున ననేకులు మో బొమ్మను దెఱలపై వ్రాయించుకొనుచుండిరనియు, కొండపల్లెలలో వంటపాత్రలను సైత మది తినుననియు వ్రాసెను. ఆ మృగపు పండ్లును నెముకలును గొడ్డళ్లకుఁ దెగవు, నిప్పునఁ గాలవు. కావున మోసగాండ్రు వానిని బుద్ధునిదంతములనియు ధాతువులనియుఁ జెప్పి పామరుల వంచింతురఁట.

ఇంతదాఁక నుదాహరించిన గ్రంథములలో నిద్ర కలదు, రోగనివారణము కలదు, దుష్టశక్తినివారణము కలదు. కలల మాట మాత్ర మెక్కడను లేదు. మో కలలను దినునని బై జూయి యెఱుఁగఁడు. ఎఱిఁగియున్నచోఁ దలకడఁ దెఱపై దానిని వ్రాయించుకొన్న కవి యా మాటను విడుచునా? కావున స్వప్నభక్షణము వేఱొకని యధికారమై, తరువాత మోకు సంక్రమించియుండవలయును. ఆ వేఱొకఁ డెవఁడు?

అతని పేరు బోచి. తరువాతి హాను వంశముయొక్క చరిత్రమునఁ జేరిన కర్మకాండభాగమున ‘నువో’ అను నుత్సవము వర్ణింపఁబడినది. సంవత్సరాంతమునఁ జక్రవర్తి మందిరమునుండి యరిష్టములను వెడలఁగొట్టుట దాని ప్రయోజనము. పదేండ్లకును బండ్రెండేండ్లకును నడుమనున్న బాలురు 120 మంది యెఱ్ఱని తలపాగలు దాల్చి డోళ్లు గొని నిలుతురు. ఎలుగుతోలు కప్పుకొని, బంగారు కన్నులు నాలుగు గల మొగముతో నొకఁడు వారికి ముందు నడుచును. పండ్రెండు మృగములను బేరుపేరునఁ బిలిచి, యొక్కొక్కదాని కొక్కొక్క యరిష్టము నాహారముగా నొప్పగింతురు. ఒకటి పిశాచములఁ దినును, ఒకటి యమంగళములఁ దినును. వానిలో బోచికి నియమింపఁబడిన యాహారము కలలు.

బోచి రాజమందిరముననే నిలిచిపోలేదు. దున్‌హువాంగు గుహలలో దొరకి నేఁడు పారిసు నగరమందున్న యొక వ్రాఁతప్రతిలో గృహస్థుఁడు చేయవలసిన విధి కలదు. రాత్రి దుస్స్వప్నము గన్నవాఁ డుదయమున లేచి, యింటి యీశాన్యదిక్కున జుట్టు విరియఁబోసికొని నిలిచి, బోచిని బిలిచి యా కలను నతని కప్పగింపవలయును. ఏడుమా ఱిట్లు పలికినచో నరిష్టము తొలఁగును. తరువాత జపానుదేశపు ముసలమ్మలు బకునకుఁ జెప్పిన మాటకును ఈ విధికిని భేదము స్వల్పము. పిలుపు అదియే, యర్పణము అదియే. దేవతపేరు మాత్రము మాఱినది.

ఈ మార్పు పాన్పుకడ జరిగినదని నా యభిప్రాయము. మో బొమ్మ నిద్రించువాని తలకడ నిలుచునది. బోచి నిద్రించినవాని కలను దీసికొనిపోవునది. వీరిరువురి నడుమ బైజె యను మూఁడవ మృగ మొకటి కలదు. సర్వభూతముల పేరులు నెఱిఁగిన యద్భుతమృగ మది. టాంగు రాజమందిరమున వే రాణియొక్క చెల్లెలు పిశాచనివారణమునకై బైజె రూపముగల తలగడను వాడెనని యా వంశచరిత్రము చెప్పుచున్నది. పైఁ బేర్కొన్న దున్‌హువాంగు ప్రతియు బైజె పేరిటిదే. జపానులో బైజెకును బకునకును నెంత సాంకర్యము గలిగెననఁగా, టోక్యోలోని గోహ్యకు రకన్‌జి యను నాలయమందలి బైజె మూర్తి బకురాజను పేరనే ప్రసిద్ధమయ్యెను. నువో యుత్సవము జపానునకుఁ బోయినది. అచ్చట దాని మొదటి ప్రస్తావము 706 వ సంవత్సరమునఁ గానవచ్చును. ఉత్సవము నిలిచినను బోచిపేరు జనులలో నిలువలేదు. బొమ్మ గలిగిన బకు నిలిచెను. రూపములేని దేవత పనిని రూపముగల మృగము వహించెను.

ఎడో కాలమున (1603–1868) బకు స్వప్నభక్షకముగాఁ బూర్తిగా స్థిరపడినది. నూతన సంవత్సరారంభమున వచ్చు తొలికల యేఁడాది ఫలమును సూచించునని జపానువారి నమ్మకము. ఆ రాత్రి యేడుగురు భాగ్యదేవతలెక్కిన ధననౌకపటమును దలగడక్రింద నుంచుకొందురు. ఆ నౌక తెఱచాపపై బకు అక్షరము వ్రాయుట కద్దు. కల మంచిదైనచోఁ బటమును దాఁచుకొందురు; చెడ్డదైనచో నేటిలో విడుతురు. తలగడలమీఁదను బకు అక్షరమునో బొమ్మనో వ్రాయుచుండిరి. చెడ్డకల వచ్చి మేల్కాంచినవారు బకును బిలిచి, దానిని దినుమని వేఁడుకొనుచుండిరి.

పాతయర్థమును బూర్తిగా నశింపలేదు. తోకుగావ ఇయెయసు సమాధిస్థానమై 1636 లో మఱలఁ గట్టఁబడిన నిక్కో తోషోగూ ఆలయమున బకు శిల్పములు పెక్కులు కలవు. లోహభక్షకమగు మృగము, యుద్ధములు లేక లోహము మిగిలిన కాలముననే బ్రదుకును. కావున నా శిల్పములు శాంతిచిహ్నము లని వాని యర్థమును జెప్పుదురు. ఇది బై జూయి ప్రశస్తిలోని భావమే గదా! ఒకే కాలమున, ఒకే దేశమున బకు ఆలయమున నినుమును, పాన్పుకడఁ గలలను దినుచుండెనన్నమాట.

పాశ్చాత్యులకు దీనిని బరిచయము చేసిన గ్రంథములలో లఫ్కాడియో హెర్న్ 1902 లోఁ బ్రకటించిన ‘కొట్టో’ యొకటి. అందు స్వప్నభక్షకుని గుఱించిన యొక చిన్న రచన కలదు. కథకుఁడు తన మృతశరీరమును దానే చూచినట్లు కలగని భయపడి, దానిని దినుమని బకును గోరును. బకు నిరాకరించును. అహంకారము చచ్చుటయే యా కలకర్థము, అది శుభస్వప్నము, శుభస్వప్నములను దాను ముట్టదని యది చెప్పి వెడలిపోవును. ఈ నియమమును జదువరులు గుర్తుంచుకొందురుగాక: 1902 నాఁటి బకు చెడ్డకలలనే తినును.

ఇచట మన దేశపు విధులతోఁ బోల్చి చూచుట యనుచితము కాదు. అథర్వవేదమున దుస్స్వప్నమును శత్రువులమీఁదికిఁ బంపు మంత్రములు కలవు. భాగవతాష్టమస్కంధమున గజేంద్రమోక్షకథ విన్నవారికి దుస్స్వప్ననాశ మగునని ఫలశ్రుతి. పోతనామాత్యుఁడును దానిని దెనిఁగించినాఁడు. చెడ్డకల వచ్చినచో గజేంద్రమోక్షము పఠించుట మన యిండ్లలో నెఱిఁగిన యాచారమే. ఇచ్చట నేనుఁగు, అచ్చట నేనుఁగుతొండము. ఇచ్చట దుస్స్వప్ననాశము, అచ్చట దుస్స్వప్నభక్షణము! రెంటిని ముడివెట్టి, బకు గజేంద్రుని ప్రతిబింబమని వ్రాయుట యెంతసులభము! కాని యది బాలుని బకాసురునికంటె మేలైన వాదము గాదు. గజేంద్రుఁడు కలలను దినఁడు; కథాశ్రవణము వానిని నశింపఁజేయును. బకునకుఁ దొండము వచ్చినపుడు దానికిఁ గలలతోఁ బనియే లేదు. మనుష్యులకెల్లఁ జెడ్డకలలు వచ్చును. ఎల్లరును వానిని వదలించుకొనఁజూతురు. సామ్యమునకు కారణ మింతకంటె వెదకఁ బనిలేదు.

ఇట్టి సామ్యముచేతనే శాస్త్రజ్ఞులును మోసపోయిరి. మలయాదేశపు టేపిరు అను జంతువునకు 1819 లో దెమరే అను ఫ్రెంచిపండితుఁడు శాస్త్రీయనామ మిచ్చెను. ఖడ్గమృగమునకును గుఱ్ఱమునకును దూరపుబంధువైన యీ జంతువు మలయాద్వీపకల్పమునను, సుమత్రాయందును, బర్మా సయాముల దక్షిణభాగములందును గలదు. పొట్టితొండము, ముందును వెనుకను నలుపు, నడుమఁ దెలుపు దాని లక్షణములు. ఆకులు మేయును. 1824 లో ఆబెల్ రెమూసా యను చీనాభాషాపండితుఁడు చీనాగ్రంథములలోని మో యీ టేపిరే యని ప్రకటించెను. తొండము కుదిరినది, రంగులు కుదిరినవి. కాని షు దేశమును, వెదురును, ఎలుగుపోలికయుఁ గుదురలేదు. అయినను ఆ మాటయే నిలిచినది. నేఁడు చీనాలో మో యన్నను, జపానులో బకు అన్నను జంతుశాలలోని టేపిరే. ఈ పేరునకు మొదటి యధికారియైన పాండాకు వేఱుపేరు పెట్టవలసి వచ్చినది. అంతేకాదు, ప్రాచీనగ్రంథములలో మో కనఁబడినచోటనెల్లఁ గొందఱు టేపిరని యనువదించుటచే, కాలక్రమమున వచ్చిన మూఁ డర్థములు కలసిపోయి చరిత్రమే మాసిపోవుచున్నది.

ఇప్పుడు మఱల బాలుని బొమ్మకడకు వత్తము. డ్రౌజీ మేని రెండురంగులును, పొట్టితొండమును టేపిరువి. కలలు తినుట జపాను బకుది. ఇంతదాఁక వారసత్వము సక్రమము. కాని యాహారమున నొక తలక్రిందు కలదు. 1996 నాఁటి క్రీడలోని కోశము, చెడ్డకలలు తిన్నచో డ్రౌజీ యొక్కొక్కప్పుడు జబ్బుపడునని చెప్పుచున్నది. తరువాతి ప్రతియొకటి, పిల్లల కలలు మిక్కిలి రుచిగా నుండుటచేఁ బెద్దల కలలను డ్రౌజీ యరుదుగాఁ దినునని చెప్పినది. ‘స్వప్నభక్షణ’ మను పేరఁ గల యుద్ధవిద్య యీ క్రీడలోఁ గలదు. అది నిద్రించు శత్రువునిపైననే పనిచేయును. శత్రువునకుఁ గలిగిన హానిలో సగము ప్రయోగించినదానికి బలమై చేరును. 2010 లో వెలువడిన ప్రతులలో మున్నా యను గులాబివన్నె మృగమును, దానినుండి పెరిగిన ముషార్నాయుఁ జేరినవి. మున్నా చేతఁ గల తినఁబడినవాఁ డా కలను మఱచిపోవునఁట. అది మంచికలను దిన్నచో గులాబివన్నె పొగమంచును వదలునఁట.

ఇందలి భేదము రుచిభేదము మాత్రము కాదు. దున్‌హువాంగు ప్రతిలోని గృహస్థుఁడు తన చెడ్డకలను దానే పిలిచి యర్పించినాఁడు. జపాను ముసలమ్మయు నట్లే పిలిచినది. పిలువనిదే భక్షకుఁడు రాఁడు. ఒల్లని కలను దక్క ముట్టఁడు. నూతనమృగ మట్లు కాదు; తానే నిద్రపుచ్చును, తానే తీసికొనును, తీపి కలనే కోరును, అందును బాలుర కలను. రక్షకుఁడు హర్త యయ్యెను. కవి బై జూయి యీ మార్పును గన్నచో మఱల నొక ప్రశస్తి రచించియుండునా యని తోఁచుచున్నది. ఆయన కాలమున మనుజులు మృగముయొక్క యాహారమును హరించి కత్తులు చేసికొనిరి. ఈ క్రీడలో మృగమే మనుజుల యాహ్లాదమును హరించుచున్నది. ఐనను క్రీడాకారులను నిందించుట నా యుద్దేశము గాదు. పాండాకుఁ దొండమును దగిలించిన చిత్రకారులును, బోచిపనిని బకున కిచ్చిన గృహస్థులును జేసిన పనియే వీరును జేసిరి. మృగము బ్రదికియున్నదనుట కదియే గుఱుతు. పూర్వపుమాట లేవో, క్రొత్తమాట లేవో వేఱుపఱచి చూపుట పండితుల పని.

ఆ పనికిఁ గావలసిన సాధనములు మనకుఁ గ్రొత్తవి గావు. కోశము, వ్యాఖ్య, పటము, ఆచారము: ఈ నాలుగు సాక్ష్యములను వాని కాలక్రమముననే నిలిపి వినవలయును. ఎర్‌యా వాక్యమునకు ఎడోకాలపు తలగడను వ్యాఖ్యగాఁ దేరాదు. మన శరభమును, గండభేరుండమును బరిశీలించువారికిని ఇదియే మార్గము. స్తంభముపై గన్న రూపమును వేదమంత్రమున వెదకువారు మనలో నింకను గలరు గనుక నీ హెచ్చరిక యప్రస్తుతము కాదు.

మిత్రునకు నేను వ్రాసిన యుత్తర మిది: “బాలునితో నిట్లు చెప్పుము. భీముఁడు చంపిన బకుఁడు వేఱు, ఈ బకు వేఱు. ఇది మొదట వెదురు మేసినది. తరువాత నినుము తిన్నదన్నారు. పిమ్మటఁ జెడ్డకలలు తిన్నదన్నారు. నీ బొమ్మలోనిది మంచికలలకు మరగినది. నీకుఁ జెడ్డకల వచ్చినచోఁ బాత బకును బిలువవచ్చును, లేదా మీ యవ్వచే గజేంద్రమోక్షము చదివించుకొని వినవచ్చును. మంచికల వచ్చినచో మఱచిపోకముందే యెవరికైనఁ జెప్పుము.” బాలుఁడు దీనికి సంతోషించి, పాండా బొమ్మ యొకటి గీసి దానికిఁ దొండము తగిలించి తెచ్చెనని మిత్రుఁడు మరల వ్రాసినాఁడు. ఇందలి లోపములను విజ్ఞులు సవరింతురుగాక.